సుచరితను ఏరు దాటించిన శ్రావణం

చీరను చేతికిస్తే అది కృష్ణకు ఏ ఒడ్డున నేసిందో చెప్పేస్తానని కొల్లాపూర్ బజారులో నాకు పేరు. అంచు బిగువు చూసేవాడిని, కొంగు దగ్గర పోగులు ముడేసిన తీరు చూసేవాడిని, ముక్కు దగ్గర పెట్టుకొని గంజి వాసన చూసేవాడిని. చూసి, ఇది ఇటుది, ఇది అటుది అని రెండు కుప్పలు పెట్టేవాడిని. చూసేవాళ్ళు తలలూపేవాళ్ళు. నిజం చెప్పాలంటే అంత తేడా ఏమీ ఉండదు. రెండు ఒడ్డుల మీదా మగ్గం తొక్కేది మా పద్మశాలీలే. మార్కండేయుని గుడి అటూ ఉంది, ఇటూ ఉంది. కొనేవాళ్ళు తేడా ఉందనుకుంటారు గనక నేనూ ఉందంటాను. దుకాణం నడపడమంటే సగం అదే.

రాష్ట్రం వచ్చిన మొదటి శ్రావణంలో ఆ తేడాకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. దుకాణం మెట్టెక్కిన ప్రతి ఆడమనిషీ ఇది మన దిక్కు నేసిందేనా అని అడిగేది. అరల్లో సగం సరుకు అటువైపు నుంచి మా వియ్యంకుడు మద్దిలేటి పంపిందే. మన తెలంగాణదే తల్లీ అని చెప్పి మొత్తం అమ్మేశాను. తప్పు చేస్తున్నానని అనిపించలేదు. చీర మాట్లాడదు కదా.

మనిషి మాట్లాడుతుంది. మద్దిలేటి బిడ్డ సుచరితను మా మహేష్‌కు చేసుకొని అప్పటికి ఏడాదిన్నర. ఆ పిల్ల వచ్చిన మొదటి వారంలోనే నోరు తెరిచి, యాడికి పోతాండారు మామా అని అడిగితే దుకాణం ముందు కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. గిన్నెల దుకాణం ఎల్లేశం ఆ రోజు నుంచే ఆమెకు ఆంధ్రా కోడలని పేరు పెట్టాడు. ఒకసారి అన్నం వడ్డిస్తూ సుచరిత నాతో మెల్లగా చెప్పింది, తమది ఆంధ్రా కాదని, సీమ అని, కోస్తావాళ్ళు తమను చూసి ఇట్లాగే నవ్వుతారని. బజారుకు అంత వివరం పట్టదు బిడ్డా, ఏరు అవతల ఉన్నదంతా ఒక్కటే అన్నాను. ఆమె మళ్ళీ ఆ ముచ్చట ఎత్తలేదు. ఆ తర్వాత దుకాణంలోకి వస్తే మాట్లాడటమే తగ్గించింది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఏడో నెల రాగానే మద్దిలేటి, అతని భార్య వచ్చి తీసుకుపోయారు. కడుపుతో ఉన్న మనిషి పడవలో ఏరు దాటొద్దని నా భార్య భద్రమ్మ పట్టుబట్టింది. వంతెన మీద అయితే దోషం లేదట, నీళ్ళ మీద అయితేనే దోషమట. అందుకని వంతెనలున్న పెబ్బేరు, కర్నూలు చుట్టు తిరిగి రోజంతా కారులో తీసుకుపోయారు. పడవలో అయితే సోమశిల నుంచి అరగంట కూడా పట్టదు. డబ్బు దండగ అనుకున్నాను గాని వియ్యంకుడి డబ్బే కదా అని ఊరుకున్నాను.

పున్నమి నాడు జంధ్యాలు మార్చుకున్నాం. అది పోయి నాలుగు రోజులు కాలేదు, బజారంతా సర్వే మాటే. రాష్ట్రం మొత్తాన్నీ ఒక్క రోజులో లెక్కిస్తారట. మంగళవారం నాడు అన్నీ బంద్. బస్సులుండవు, దుకాణాలు తెరవరు. ఎవరింట్లో వాళ్ళు కూర్చోవాలి, సారు ఇంటికొచ్చి కళ్ళతో చూసి రాసుకుంటాడు. బొంబాయి పోయిన మేస్త్రీలు, పుణె పోయిన కూలీలు మూటలతో దిగుతున్నారు. బస్సుల్లో కాలు పెట్టడానికి జాగా లేదు.

దుకాణం కట్టే వేళకు ఎల్లేశం నా దగ్గర కూర్చొని లెక్క విప్పాడు.

"కనబడనోళ్ళు లేనట్టేనట లింగన్నా. రేపు రేషనైనా, పిల్లల సదువులైనా, నౌకరైనా, అన్నీ గీ కాయితం మీదనేనట. నీ కోడలేమో అటే ఉండె. పుట్టేటోడు గూడ అటే పుట్టబట్టె. మరి ఆణ్ణి ఏ దిక్కోడని రాస్తరు?"

అతనికి ఎంత తెలుసో నాకంతే తెలుసు. కానీ ఆ మాట చెప్పులో రాయిలాగా నాలో ఉండిపోయింది. ఇంటికి పోయేదాకా లెక్క వేశాను. పుట్టినచోటు అటుదని కాయితం వస్తే, ఇరవై ఏండ్ల తర్వాత సీటుకో నౌకరికో పోయినప్పుడు నువ్వు ఎక్కడివాడివని అడుగుతారు. ఇన్నేండ్ల కొట్లాట అదే కదా. నా మనవడు ఆ వరసలో నిలబడి బిక్కమొహం వేస్తాడు. ఇప్పుడు రెండు రోజులు కష్టపడితే ఆ బాధ జన్మలో ఉండదు. సరుకు ధర పెరగకముందే కొని పెట్టుకోవడం నాకు తెలిసిన విద్య.

భద్రమ్మకు చెప్తే చేతిలో చాట కింద పెట్టింది.

"పురిటికి పంపిన పిల్లను నడుమల గుంజుకొస్తరా ఎవరన్న? ఎనిమిదో నెల పడ్డది. ఎట్ల తెస్తవు?"

పడవలో అన్నాను. బస్సులన్నీ కిక్కిరిసి ఉన్నాయి, కిరాయి కార్లు దొరకవు, పైగా కర్నూలు చుట్టు తిరిగితే మనిషి నలిగిపోతుంది. నీళ్ళ మీద అయితే ఊయలలో కూర్చున్నట్టే అని చెప్పాను. ఇక్కడే కాన్పు అయితే మరీ మంచిది, కాయితం ఇక్కడిదే వస్తుంది. సుచరితను ఒక మాట అడుగుదాం నాయినా అన్నాడు మహేష్. అడిగేదేముంది, మన ఇంటి మనిషి అన్నాను. వాడు నాకు ఎదురు చెప్పి ఎరుగడు. ఆ రోజూ చెప్పలేదు.

ఆదివారం నేనొక్కణ్ణే ఏరు దాటి పోయాను. మద్దిలేటి మగ్గం గుంటలోంచి లేచి, తడి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"రా బావా. ఇంగ ఈడికి రావాల్నంటే మీ సర్కారు చీటీ రాసిస్తాదా, అట్లే వదిలినారా?"

ఇద్దరం నవ్వుకున్నాం. జొన్న రొట్టె, పుంటికూర పచ్చడి పెట్టారు. వాళ్ళు దాన్ని గోంగూర అంటారు. రుచి అదే. సగం రొట్టె తిన్నాక వచ్చిన పని చెప్పాను. మద్దిలేటి మొహంలో నవ్వు పోయింది. సూలాలిని నీళ్ళ మీద తీసుకుపోతారా అన్నది అతని భార్య లోపలి నుంచి. మద్దిలేటి చాలాసేపు మాట్లాడాడు. అతని తాత పెళ్ళి చేసుకున్నది సోమశిల పిల్లను. అప్పుడు ఎవరూ ఎవరిది ఏ ప్రాంతమని అడగలేదు. ఇప్పుడు తెలంగాణవాళ్ళకు వాళ్ళు ఆంధ్రా, కోస్తావాళ్ళకు సీమ.

"పేర్లు పెట్టేది మీరు, మోసేది మేమా బావా? కడుపులో ఉండే బిడ్డది ఏ రాష్ట్రమని యా సారు ఎంచుతాడు? కాన్పు కానీ. బిడ్డను ఎత్తుకోని నేనే వస్తా. నీ గడపలో పెడతా."

ధర కుదరనప్పుడు ఏం చేయాలో నలభై ఏండ్ల బేరాలు నాకు నేర్పాయి. అరవకూడదు. మాట్లాడకూడదు. లేవాలి. నేను రొట్టె సగంలో వదిలి చేయి కడుక్కున్నాను. ఆడపిల్ల తండ్రి ఇంట్లో వియ్యంకుడు విస్తరి ముందు నుంచి లేస్తే ఆ తండ్రి ఏమవుతాడో నాకు తెలుసు. తెలిసే లేచాను.

మద్దిలేటి తల దించుకున్నాడు. అప్పుడు సుచరిత వాకిట్లోకి వచ్చింది. పాదాలు వాచి ఉన్నాయి. నడుము మీద చెయ్యి పెట్టుకొని గోడకు ఆనుకొని, పోతా నాయినా అన్నది. తర్వాత నా వైపు తిరిగింది.

"సారు నా పేరు రాస్తాడా మామా? మీ ఇంటి మనిషని?"

"రాస్తడు బిడ్డా. అందుకే గద వచ్చిన."

బేరం కుదిరిందనుకున్నాను.

సోమవారం పొద్దున పడవ ఎక్కాం. సర్వేకు ఊళ్ళకు పోయేవాళ్ళతో పడవ నిండుగా ఉంది. ఒక ముసలామె తన మూట మీద సుచరితను కూర్చోబెట్టింది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. నేను చెప్పినట్టే ఊయలలాగానే ఉంది. ముసలామె ఏ ఊరు బిడ్డా అని అడిగింది. కొల్లాపూర్ అవ్వా అన్నది సుచరిత. అని, సరిగ్గా చెప్పానా అన్నట్టు నా వైపు చూసింది. ఆ తర్వాత దారంతా నా దగ్గర మాటలు నేర్చుకుంది. సారు ఏమడుగుతాడో నేను చెప్పాలి, తను మా మాటలో జవాబు చెప్పాలి.

"ఇట్ల అంటే సరిపోతాది కదా మామా?"

"సరిపోతది అనాలె."

"సరిపోతది," అన్నది. నవ్వింది. నేనూ నవ్వాను. ఈసారి మా ఇద్దరి నవ్వూ ఒకటే. ఏడాదిన్నరలో ఆమె నాతో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. కడుపు మీద చెయ్యి పెట్టి, ఈమెకు గూడ నేర్పియ్యాలె అన్నది. ఆ 'ఈమె' అన్న మాటను నేను పట్టించుకోలేదు. నా లెక్కలో మనవడే ఉన్నాడు.

సోమశిల ఒడ్డున రేవు మెట్లు నీళ్ళలో మునిగి ఉన్నాయి. పక్కన బురద గట్టు ఎక్కాలి. నా చెయ్యి పట్టుకొని ఎక్కింది. రెండుసార్లు ఆగింది. నొస్తుందా అంటే లేదన్నది.

మంగళవారం ఊరు ఊరంతా తలుపులు తెరిచి పెట్టుకొని కూర్చుంది. బజారులో కుక్కలు తప్ప ఏమీ లేవు. సుచరిత తెల్లవారే తలస్నానం చేసి, మా దుకాణంలోని చీరే కట్టుకొని కూర్చున్నది. ఎనిమిది గంటలకు నడుము లాగుతోందని భద్రమ్మతో అన్నదట. భద్రమ్మ వచ్చి నాకు చెప్పింది. ప్రయాణం బడలిక అన్నాను. పదింటికి మళ్ళీ చెప్పింది. అప్పటికి సారు మా వీధి మొదట్లోకి వచ్చాడని తెలిసింది. భద్రమ్మ గొంతు తగ్గించి గట్టిగా అన్నది.

"దవాఖానకు తీసుకపోదాం. గీ నొప్పి గట్ల అనిపిస్తలేదు నాకు."

మహేష్ అప్పటికే మోటారు సైకిలు బయటకు తీశాడు. మేం పోయిన వెనకాల సారు వస్తే, మనిషి లేదని రాసుకొని పోతే, ఇంత దూరం తెచ్చింది దేనికి అని అడిగాను. లోపలి నుంచి సుచరితే అన్నది, ఉంటా మామా, సారును రానీ అని. ఇంకో గంట చూద్దామన్నాను. మహేష్ బండి మళ్ళీ స్టాండు వేశాడు.

ఒక్కో ఇంట్లో సారుకు అరగంట పడుతోంది. మా ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది. సైదులు సారు, నల్గొండ దిక్కు నుంచి బదిలీ మీద వచ్చిన పంతులు. పొద్దుటి నుంచి రాసీ రాసీ చెయ్యి గుంజుతోందని చెప్తూ కుర్చీలో కూలబడ్డాడు. పేర్లు రాసుకున్నాడు. సుచరిత ద్వారబంధం పట్టుకొని నిలబడ్డది. నుదుటి మీద చెమట. సొంతూరు ఏదని ఆమెను అడిగాడు. ఆమె నోరు తెరవకముందే నేను ఈ ఊరే సారు అన్నాను. ఆయన తలెత్తి ఆమె వైపు చూశాడు.

"ఈ ఊరే సారు," అన్నది సుచరిత. ఒక్క అక్షరం తేడా రాకుండా, మా ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల అన్నట్టే అన్నది.

ఆయన రాసుకున్నాడు. రాసి, అమ్మ మొకం ఎట్లనో ఉంది, కూసోమనుండ్రి అన్నాడు. ఆమె కూర్చున్నది. మళ్ళీ లేవలేకపోయింది. చీర కుచ్చిళ్ళు తడిశాయి. భద్రమ్మ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

జీపు గాలయ్యను ఇంట్లోంచి లేపుకొచ్చేసరికి ముప్పావు గంట. దవాఖానలో చూసి, పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. దారి పొడవునా ఒక్క బండి ఎదురు రాలేదు. అంత ఖాళీ రోడ్డు నేను ఎప్పుడూ చూడలేదు, అయినా అది తెగలేదు. పొద్దు గూకే వేళకు డాక్టరమ్మ బయటికి వచ్చి, తల్లికి భయం లేదన్నది. ఆడపిల్ల. గుండె అప్పటికే ఆగిపోయి ఉందట. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయని అడిగింది. పొద్దున ఎనిమిదికి అన్నది భద్రమ్మ. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపి నా వైపు చూసింది.

మరునాడు పొద్దున సోమశిల ఒడ్డుకు మద్దిలేటి వచ్చాడు. మహేష్ చేతుల్లో తెల్లటి గుడ్డ మూట ఉంది. పురుడు తనదని, తన గడపలో పుట్టాల్సిన పిల్ల గనక అవతలికి తీసుకుపోతానని మద్దిలేటి అన్నాడు. పడవవాడు దండం పెట్టాడు. ఆ మూటను పడవలో ఎక్కించుకోరు. అది వాళ్ళ కట్టడి. మద్దిలేటి గట్టు దిగి నీళ్ళ దాకా పోయాడు. నీళ్ళకు నాలుగు మూరల ఇవతల కాలితో గీత గీశాడు.

"ఈడ పెడదాం. ఇంకో పది దినాలకు నీళ్ళు ఈడికి వస్తాయి. ఇంగ మీ ఒడ్డుకూ నీళ్ళే, మా ఒడ్డుకూ నీళ్ళే."

మా కులపోళ్ళ జాగా ఊళ్ళో ఉంది, మా పెద్దలంతా అక్కడే ఉన్నారు అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఒకసారి మొదలుపెట్టిన బేరం ఆపలేని నోరు నాది. మహేష్ నా వైపు చూడకుండానే అన్నాడు.

"నువ్వు మాట్లాడకు నాయినా."

పలుగు మద్దిలేటి అందుకున్నాడు. మట్టి మెత్తగా ఉంది, ఎక్కువసేపు పట్టలేదు.

సుచరిత దవాఖానలో ఆరు రోజులు ఉంది. ఆ ఆరు రోజులూ నేను వరండాలోనే ఉన్నాను, లోపలికి పోలేదు. ఏడో రోజు మద్దిలేటి కారు తెచ్చాడు. కర్నూలు చుట్టు తిరిగి తీసుకుపోతాడు. భద్రమ్మ ఆమెను నడిపించుకొని బయటికి తెచ్చింది. కారు దగ్గర ఆగి సుచరిత నన్ను పిలిచింది. తిడుతుందనుకున్నాను. తిడితే పడదామనే దగ్గరికి పోయాను.

"నా పేరు రాసినాడా మామా?"

రాశాడన్నాను.

"ఊరు అబద్ధం చెప్పినాం మామా. దానికే అయ్యుంటాది."

కాదు బిడ్డా, పొద్దున ఎనిమిది గంటలకు నిన్ను తీసుకుపోవాల్సింది, నేనే ఆపాను, నీదేమీ లేదు. ఈ మాట మొత్తం నా నోటి దాకా వచ్చింది. ఒక్క వాక్యం. చెబితే ఆ పిల్ల మీది బరువు నా మీదికి వచ్చేది. నలభై ఏండ్లుగా ఎదుటివాడి చేతిలో నష్టం పెట్టి పంపడం అలవాటైన నోరు, తెరుచుకోలేదు. ఆమె కారెక్కింది. మహేష్ దించి వస్తానని పక్కన కూర్చున్నాడు.

వాడు రాలేదు. దసరాకు వస్తాడనుకున్నాం. బతుకమ్మ నాడు భద్రమ్మ పువ్వులు పేర్చలేదు. సంక్రాంతి దాటాక తన బట్టలు పంపమని ఫోను చేశాడు, అమ్మకే చేశాడు. అక్కడే మామ దగ్గర మగ్గం పట్టాడు. దుకాణంలో పెరిగినవాడు, చేతులకు కాయలు కాసి ఉంటాయి. మూడేండ్లకు కొడుకు పుట్టాడని తెలిసింది. అక్కడి బడిలోనే వేశారు. ఎల్లేశం ఒకసారి, మనవడు ఏ దిక్కోడాయె లింగన్నా అని అడగబోయి, నా మొహం చూసి గిన్నెలు సర్దుకున్నాడు. అప్పుడు రాసుకుపోయిన కాయితం దేనికి పనికొచ్చిందో నాకు ఇంతవరకు తెలియదు. తర్వాత ఎవరూ వచ్చి అడగలేదు.

ఎండలు ముదిరి ఏరు వెనక్కి పోయినప్పుడు పాపను పెట్టిన ఆ బురద మేట బయటపడుతుంది. ఎండి, పగుళ్ళిచ్చి, ఎక్కడ చూసినా ఒక్కతీరుగా ఉంటుంది. ఏ రోజు అక్కడ కలవాలని ఎవరు అనుకుంటారో, ఎట్లా అనుకుంటారో నాకు చెప్పరు. బండి తీయమని భద్రమ్మ అంటే తీస్తాను. అటు నుంచి చిన్న పడవలో సుచరిత వస్తుంది. ఇటు నుంచి భద్రమ్మ దిగి పోతుంది. ఇద్దరూ ఆ మేట మీద కొంగులు తల మీద వేసుకొని కూర్చుంటారు. ఏం మాట్లాడుకుంటారో, అసలు మాట్లాడుకుంటారో లేదో. నేను పైన రోడ్డు మీద బండి దగ్గర నిలబడతాను. ఇన్నేండ్లలో నన్ను ఎవరూ దిగి రమ్మనలేదు. నేనూ దిగలేదు.

పోయిన వైశాఖంలో సుచరిత పిల్లవాణ్ణి కూడా తెచ్చింది. ఆరేడేండ్లుంటాయి. నడక అచ్చం మహేష్‌దే. బురద పెళ్ళలు తన్నుకుంటూ కాసేపు ఆడి, ఉన్నట్టుండి ఆగి పైకి చూశాడు. నా వైపు వేలు చూపించి తల్లిని ఏదో అడిగాడు. సుచరిత తల తిప్పి నన్ను చూసింది. వాడి తల మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. గాలి అటు కొడుతోంది, వినబడలేదు. పిల్లవాడు విని, ఇంకోసారి నన్ను చూసి, మళ్ళీ ఆటలో పడ్డాడు.

తిరిగి వస్తుంటే దారి పొడవునా భద్రమ్మ నా వెనక కూర్చొని ఉంది. వాడికి సుచరిత ఏం చెప్పిందని భద్రమ్మను నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.